అలిగిన ప్రేక్షకులకు ఒక ఆహ్వానం

(హనుమకొండలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

దసరా సెలవులకో, వేసవి సెలవులకో కుటుంబమంతా కలిసి బయలుదేరినప్పుడు, ఆ ప్రయాణంలో ఒక సాయంత్రం పద్యనాటకానికో, సురభి వారి ప్రదర్శనకో, ఊళ్ళల్లో పాట, ఆటలతో ఆడే చిందు యక్షగానానికో వెళ్దామని పెద్దవాళ్ళు అనగానే ఇంట్లో ఉన్న పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలు ముఖం ముడుచుకుంటారు. కొందరు రామని తెగేసి చెబుతారు. మరికొందరు వస్తారు కానీ, హాల్లో కూర్చున్నంతసేపూ ఫోనులోనే ఉంటారు. ఇది తరం చెడిపోయినందువల్ల వచ్చిన తెగులని చాలామంది తేల్చేస్తారు. నేను అలా అనుకోవడం లేదు. ఇష్టం లేని ప్రేక్షకుడు నాటకమంత పాతవాడు. నాట్యశాస్త్రంలో చెప్పిన మొట్టమొదటి ప్రదర్శన కథ చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

ఇంద్రధ్వజ మహోత్సవంలో భరతముని తన కొడుకులతో తొలి నాటకం ఆడించాడు. దేవతలు రాక్షసులను జయించడం అందులో ఇతివృత్తం. చూస్తున్నవాళ్ళలో రాక్షసులు కూడా ఉన్నారు. తమ ఓటమిని తమ ఎదుటే ఆడి చూపిస్తుంటే వాళ్ళకు కోపం వచ్చింది. విఘ్నులనే వాళ్ళను కూడగట్టుకొని నటుల మాటను, కదలికను, జ్ఞాపకశక్తిని స్తంభింపజేశారు. ఇంద్రుడు ధ్వజస్తంభాన్ని పీకి వాళ్ళను చితకబాదాడు, ఆ కర్రకే జర్జరమని పేరు వచ్చింది. అయినా గొడవ ఆగలేదు. విశ్వకర్మ చేత నాట్యశాల కట్టించి, మూలమూలకూ దేవతలను కాపలా పెట్టిన తర్వాత కూడా, బ్రహ్మ ముందుగా సామోపాయం ప్రయోగించాలని నిర్ణయించి విఘ్నులను పిలిచి మాట్లాడాడు. ఈ నాట్యం దేవతల గొప్ప చెప్పడానికి మాత్రమే పుట్టలేదని, మీ మంచి చెడ్డలు, మీ భావాలు కూడా ఇందులో ఉంటాయని, ముల్లోకాల నడవడికనూ ఇది అనుకరిస్తుందని వాళ్ళకు వివరించాడు. దుఃఖంతో, శ్రమతో, శోకంతో అలసినవారికి విశ్రాంతినిచ్చేది నాట్యమన్న ప్రసిద్ధమైన మాట కూడా ఆ సందర్భంలోదే.

మన ఇళ్ళల్లో జరుగుతున్నది కూడా ఇంచుమించు ఇదే. మనం ఇంద్రుడి పద్ధతిలో మొదలుపెడతాం. ఫోను లాక్కుంటాం, "మన సంస్కృతి తెలియకుండా పెరుగుతున్నారు" అని కోప్పడతాం, మార్కులతో ముడిపెడతాం. బ్రహ్మ చేసిన పని మాత్రం మనకు గుర్తుకు రాదు. ఈ నాటకంలో నీ మాట కూడా ఉందని పిల్లలకు చూపించడమే ఆ పని. ఈరోజు నేను మీకు చెప్పదలచుకున్నది కూడా అంతవరకే. నాటకానికి తీసుకెళ్ళే ముందు పిల్లల చేతికి ఒక ప్రశ్న ఇవ్వండి, చూసి వచ్చిన తర్వాత తీర్పు చెప్పే హక్కు వాళ్ళకే వదిలేయండి. ఈ రెండూ చేస్తే చాలావరకు పని జరుగుతుంది.

పిల్లలు అయిష్టత చూపడానికి కారణాలు అడిగితే భాష అర్థం కాదంటారు, నిడివి ఎక్కువంటారు. ఆ రెండూ నిజమే. కానీ వాళ్ళకు అన్నింటికంటే కష్టంగా తోచేది ఇంకొకటి ఉంది. తీర్పు ముందే వచ్చేసి ఉంటుంది. ఆ నాటకం గొప్పదని, ఆ నటుడు మహానుభావుడని, చూసి ఆనందించకపోతే లోపం నీదేనని మనం ఇంటి గడప దాటకముందే చెప్పేస్తాం. ఇక వాళ్ళు చూసి తేల్చవలసింది ఏమీ మిగలదు. పదిహేనేళ్ళ వయసులో మనిషికి బలంగా ఉండే గుణం న్యాయాన్యాయ విచారణ. తమ్ముడికి ఎక్కువ పెట్టారని, టీచరు ఒకరినే మెచ్చుకున్నారని గంటలకొద్దీ వాదించే వయసు అది. ఆ గుణాన్ని పక్కన పెట్టమని చెప్పి నాటకం చూడమంటే వాళ్ళు ఎలా చూస్తారు? మన పద్యనాటకాలలో పేరున్నవన్నీ న్యాయాన్యాయ వివాదాలే కదా!

ఒక ఉదాహరణ కొంచెం వివరంగా చెబుతాను. తిరుపతి వేంకట కవులు రాసిన పాండవోద్యోగ నాటకంలో జనం పడక సీను అని పిలుచుకునే ఘట్టం మీ అందరికీ తెలుసు. యుద్ధంలో సాయం అడగడానికి దుర్యోధనుడు, అర్జునుడు ఇద్దరూ ద్వారకకు వస్తారు. దుర్యోధనుడు ముందు వచ్చి, నిద్రిస్తున్న కృష్ణుడి తలవైపున ఆసనం మీద కూర్చుంటాడు. అర్జునుడు తర్వాత వచ్చి కాళ్ళవైపున నిలబడతాడు. కళ్ళు తెరిచిన కృష్ణుడికి ముందు కనబడేది అర్జునుడే. ముందు అతణ్ణి పలకరించి, ఆ తర్వాతనే దుర్యోధనుడి వైపు తిరుగుతాడు. ముందు వచ్చింది ఎవరు, ముందు కనబడింది ఎవరు అన్న పేచీ అక్కడ పుడుతుంది. నువ్వు ముందు వచ్చినా నాకు ముందు కనబడింది అతడే కాబట్టి ఇద్దరికీ సాయం చేస్తానని, చిన్నవాడు కాబట్టి కోరుకునే అవకాశం మొదట అర్జునుడికి ఇస్తానని కృష్ణుడు అంటాడు. ఒకవైపు నారాయణ గోపాలురనే మహాసైన్యం, మరొకవైపు ఆయుధం పట్టకుండా, యుద్ధం చేయకుండా ఊరికే ఉండే కృష్ణుడు.

ఇంట్లో మీరు పిల్లలకు కథను ఇక్కడి వరకే చెప్పి ఆపండి. అర్జునుడు ఏం కోరుకున్నాడో వాళ్ళకు తెలిసే ఉండవచ్చు, తెలిసినా ఫర్వాలేదు. రెండు ప్రశ్నలు అడగండి. వరుసలో ముందు నిలబడ్డవాడిని కాదని వెనుక వచ్చినవాడికి ముందు ఇవ్వడం న్యాయమేనా? నువ్వే దుర్యోధనుడివైతే, సైన్యం నీ వాటాకు వచ్చినందుకు సంతోషిస్తావా, మోసపోయానని అనుకుంటావా? ఈ ప్రశ్నల మీద అన్నాచెల్లెళ్ళిద్దరు కారులో వాదించుకుంటూ వస్తే, నాటకం సగం అర్థమైనట్లే. ఎందుకంటే ఆ సన్నివేశంలో దుర్యోధన పాత్రధారి నటించవలసింది ఈ సందేహాన్నే. గెలిచానన్న గర్వంతో వెళ్ళిపోవాలా, లోపల ఎక్కడో అనుమానంతో వెళ్ళిపోవాలా అన్నది ఒక్కొక్క నటుడు ఒక్కొక్క విధంగా నిర్ణయించుకుంటాడు. దాన్ని పట్టి చూడమని చెప్పండి. అప్పుడు వాళ్ళ కళ్ళు కిరీటం మీద నుంచి ముఖం మీదికి వెళ్తాయి.

ఇక భాష సంగతి. ఆ ఘట్టంలో "బావా! ఎప్పుడు వచ్చితీవు" అన్న పద్యం తెలుగు నేల మీద వినని ఊరు లేదు. అది నాలుగు పాదాల శార్దూలం. హాల్లో కూర్చున్నప్పుడు చెవిలో అర్థం చెప్పబోతే పిల్లలకు పద్యమూ పోతుంది, అర్థమూ పోతుంది. ముందురోజే ఆ ఒక్క పద్యాన్ని కాగితం మీద రాసి ఇవ్వండి. మాటల అర్థాలన్నీ వల్లె వేయించవద్దు, ఒక్క విషయం చూడమనండి. కృష్ణుడు దుర్యోధనుడి క్షేమసమాచారాలు అడుగుతున్నాడు. తమ్ముళ్ళు బాగున్నారా, కొడుకులు బాగున్నారా, చుట్టాలు బాగున్నారా అని మొదలుపెట్టి, కర్ణుడిని, భీష్ముడిని, ద్రోణుడిని పేరుపేరునా తలుచుకొని అడుగుతాడు. యుద్ధం ముగిసేసరికి ఈ జాబితాలో ఎవరు మిగులుతారో చూడమని చెప్పండి. పైకి మర్యాదగా కనబడే ఆ పలకరింపులో ఎంత భయంకరమైన లెక్క ఉందో తెలిసిన తర్వాత, ఆ పద్యాన్ని నటుడు నవ్వు ముఖంతో పాడుతుంటే పిల్లలకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఒక పద్యం ఇలా లోపలికి వెళ్తే, మిగతా పద్యాలు పూర్తిగా తెలియకపోయినా వాళ్ళు ఓపిక పడతారు.

రాగం తీయడం పిల్లలకు వచ్చే పెద్ద అభ్యంతరం. మా అక్క మనుమడు ఒక ప్రదర్శనలో నా పక్కన కూర్చొని, "తాతా, పద్యం అయిపోయింది కదా, ఇంకా ఎందుకు పాడుతున్నడు?" అని అడిగాడు. ప్రశ్న సమంజసమైనదే. పద్యంలో మాటలు ముగిసిన తర్వాత చివరి అక్షరాన్ని పట్టుకొని నటుడు రాగాన్ని పైకి తీసుకెళ్తాడు, హార్మోనియం వెంటబడి వస్తుంది, జనం చప్పట్లు కొడితే మళ్ళీ అందుకుంటాడు. కథ అక్కడ ఆగిపోయిందని పిల్లవాడికి అనిపిస్తుంది. అది కథ నడిచే సమయం కాదని, గొంతుకకు పరీక్ష జరిగే సమయమని వాడికి చెప్పాను. మైకులు లేని రోజుల్లో చివరి వరుసలో నేల మీద కూర్చున్న మనిషికి కూడా మాట స్పష్టంగా వినబడాలి, రాత్రంతా పాడినా గొంతు జీరపోకూడదు, ఎదుటి పాత్రధారి తీసిన రాగానికి తీసిపోకూడదు. "వన్స్ మోర్" అని కేకలు వేసి అదే పద్యాన్ని మళ్ళీ పాడించుకున్న ప్రేక్షకులకు కథ తెలియక కాదు, ఆ పందెం చూడాలని. ఆ మాట చెప్పిన తర్వాత, నటుడు శ్వాస ఎక్కడ తీసుకుంటున్నాడో వాడు గమనించడం మొదలుపెట్టాడు. తర్వాతి పద్యానికి "ఈయన మధ్యల ఊపిరి తీసుకున్నడు, మొదటాయనే నయం" అని తన తీర్పు చెప్పాడు. ఆ తీర్పుతో నేను ఏకీభవించలేదు. కానీ వాడు వింటున్నాడు, అది చాలు.

తెర ముందు కూర్చోబెట్టడానికి ముందు తెర వెనుకకు తీసుకెళ్ళగలిగితే ఇంకా మేలు. సురభి నాటకాలు ఇందుకు చాలా అనువైనవి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధ ప్రదర్శనతో మొదలైన ఆ నాటక కుటుంబం, తరాలు మారినా, ఇంటిల్లిపాదీ రంగస్థలం మీదనే బతుకుతూ వచ్చింది. స్త్రీ పాత్రలను పురుషులే ధరించే కాలంలో వాళ్ళ ఇళ్ళలోని ఆడవాళ్ళు స్త్రీ పాత్రలు ధరించారు. సురభి నాగేశ్వరరావు గారికి, అందరూ బాబ్జీ గారని పిలుచుకునే ఆయనకు, 2013లో పద్మశ్రీ వచ్చింది. ఈ వివరాలకంటే మన పిల్లలను ఆకట్టుకునే విషయం, తమ ఈడు పిల్లలు అక్కడ వేషం కడుతున్నారన్నది. మాయాబజార్ ఆడుతున్నప్పుడు ఘటోత్కచుడి నోట్లోకి వంటకాలు వాటంతటవే ఎగిరి వెళ్తాయి, బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి నిప్పులు రాలుస్తూ ఢీకొంటాయి, నారదుడు మేఘాల్లోంచి దిగుతాడు. సినిమాల్లో కంప్యూటరు చేసే మాయలు చూసి పెరిగిన పిల్లలు ఇవి చూసి నవ్వుతారని కొందరు భయపడతారు. నా అనుభవంలో అలా జరగలేదు. తెరమీద జరిగేది ఎలా చేశారని వాళ్ళు అడగరు, కంప్యూటరుతో చేశారని తెలుసు. కళ్ళ ముందు పది గజాల దూరంలో, తీగ కనబడకుండా, రెండోసారి తీసుకునే అవకాశం లేకుండా చేస్తే మాత్రం ఎలా చేశారని అడిగి తీరుతారు.

కాబట్టి ప్రదర్శనకు గంట ముందే చేరుకోండి. నిర్వాహకులను మర్యాదగా అడిగితే వేషాలు వేసుకునే చోటికి కాసేపు వెళ్ళనిస్తారు. అక్కడ ఒక నటుడు అద్దం ముందు కూర్చొని ముఖానికి రంగు పూసుకొని, కనుబొమలు దిద్దుకొని, మీసం అంటించుకొని, అది ఊడదని నమ్మకం కలిగేదాకా పై పెదవిని అటూ ఇటూ కదిలించి చూసుకుంటాడు. నడుముకు పట్టీ బిగిస్తుంటే ఊపిరి బిగపట్టుకుంటాడు. కిరీటం పెట్టుకున్న తర్వాత తల వంచడు, మంచినీళ్ళ గ్లాసునే నోటి దగ్గరికి ఎత్తుకుంటాడు. హార్మోనియం దగ్గర నిలబడి సన్నగా శ్రుతి చూసుకుంటాడు. అంతకుముందు ఐదు నిమిషాల దాకా మామూలు మనిషిగా ఫోనులో ఇంటి సంగతులు మాట్లాడుతున్నవాడు, తెర లేవగానే దుర్యోధనుడిలా నడవడం చూసిన పిల్లలకు నటన అంటే ఏమిటో పాఠం చెప్పవలసిన అవసరం ఉండదు.

ఇక మన దగ్గరి సంగతి. యాత్ర అనగానే హైదరాబాదు రవీంద్రభారతికే పోవాలని లేదు. మన ఓరుగల్లే ఒక నాటకానికి రంగస్థలం. వినుకొండ వల్లభరాయని పేరుతో వచ్చిన క్రీడాభిరామం అందరూ వినే ఉంటారు. రావిపాటి త్రిపురాంతకుడి సంస్కృత ప్రేమాభిరామం దానికి మూలం. దశరూపకాలలో, అంటే నాటకంలోని పది రకాలలో, వీధి అనే జాతికి చెందిన రచన క్రీడాభిరామం. వీధికి అంకం ఒకటే, పాత్రలు ఒకటో రెండో ఉంటే చాలు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ కనబడినవన్నీ మాట్లాడుకుంటారు. అంటే అది కాకతీయుల రాజధానికి ఇద్దరు స్నేహితులు చేసిన ఒకరోజు విహారం. కుటుంబంతో ఖిల్లా వరంగల్ చూడడానికి వెళ్ళేవాళ్ళకు దీనికంటే తగిన తోడు ఏముంటుంది? కోట మధ్యలో తోరణాల దగ్గర నిలబడి, ఇంట్లో ఇద్దరు పిల్లలకు చెరొక పాత్ర ఇచ్చి, వచనంగా సులభం చేసిన నాలుగు మాటలు చదివించండి. ఏకవీర గుడి, మైలారదేవుడు, కోడిపందేలు, పొట్టేళ్ళ పోట్లాట, పల్నాటి వీరుల కథ పాడే స్త్రీ, అన్నీ అందులో ఉన్నాయి. శృంగార వర్ణనలు కూడా ఉన్నాయి. కాబట్టి పెద్దవాళ్ళు ముందే చదివి భాగాలు ఎంచుకోవాలి.

నేనైతే పూటకూళ్ళ ఇంటి పద్యంతో మొదలుపెడతాను. లక్ష్మణవజ్ఝల ఇంట్లో ఒక్క రూకకు దొరికే భోజనం ఏమిటో ఆ పద్యం చెబుతుంది. కర్పూరభోగి బియ్యపు అన్నం, కమ్మని గోధుమపిండి వంటకం, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డలు గడ్డలుగా కొత్త పెరుగు. కోట చూసి అలసిపోయి, మధ్యాహ్నం స్టేషన్ రోడ్డులో ఏదో ఒక మెస్సులో భోజనానికి కూర్చున్నప్పుడు ఈ పద్యం తీయండి. తమ ముందున్న పళ్ళెంలో ఏమేమి వచ్చాయో, ఆనాటి విస్తరిలో ఏమేమి ఉన్నాయో పిల్లలే పోల్చుకుంటారు. మిరపకాయ ఆ కాలానికి మన దేశానికే రాలేదని చెబితే, మరి కారానికి ఏం వేసేవాళ్ళని అడుగుతారు. నాటకం మాట అలా అన్నం ముందు నుంచి కూడా మొదలు కావచ్చు.

అదే కోటలో ఇంకొక నాటకం మాట కూడా ఎత్తవచ్చు. వేదం వేంకటరాయశాస్త్రి గారు 1897లో ప్రచురించిన ప్రతాపరుద్రీయంలో ఢిల్లీ వాళ్ళు ప్రతాపరుద్రుణ్ణి ఎత్తుకుపోతే, మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషంలో ఢిల్లీ వీధుల్లో తిరుగుతూ, సుల్తానును పట్టుకుపోతానని బాహాటంగా అరుస్తూ, చివరికి ఆ మాట నిజం చేస్తాడు. పిచ్చివాడు నిజమే చెబుతున్నా ఎవరూ నమ్మకపోవడం అందులో రసవత్తరమైన ఎత్తుగడ. చరిత్రలో జరిగింది వేరు. 1323లో ఉలుగ్ ఖాన్ సేనలు ఓరుగల్లును పట్టుకున్నాయి, ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుండగా ఆయన దారిలోనే మరణించాడు. కూలిన కోటగోడల మధ్య నిలబడి ఈ రెండు కథలూ చెప్పి, ఓడిపోయిన నగరాన్ని నాటకకర్త ఎందుకు గెలిపించాడని పిల్లలను అడగండి. తప్పు రాశాడని ఒకరంటారు, బాగా చేశాడని మరొకరంటారు. చరిత్రకూ నాటకానికీ ఉన్న తేడా మీద ఇంతకంటే మంచి చర్చ కళాశాలలో కూడా జరగదని నా నమ్మకం. ఆ నాటకంలో చాకలి పేరిగాడు వంటి పాత్రలు తమ తమ పలుకుబడిలోనే మాట్లాడతాయి, శాస్త్రిగారు పాత్రోచిత భాషను గట్టిగా సమర్థించినవారు. పాత నాటకమంటే అందరూ గ్రాంథికంలోనే మాట్లాడతారన్న పిల్లల అపోహ పోవడానికి ఆ సంభాషణలు ఒకటి రెండు చదివితే చాలు.

రామప్ప గుడికి వెళ్ళినవాళ్ళు రంగమండపం స్తంభాల మీద నర్తకుల భంగిమలు చూసి ఫొటోలు తీసుకొని వచ్చేస్తారు. గణపతిదేవుడి గజసేనాధిపతి జాయప 13వ శతాబ్దంలో నృత్తరత్నావళి రాశాడని, నటరాజ రామకృష్ణ గారు ఆ గ్రంథాన్ని, ఈ శిల్పాలను ఆధారంగా చేసుకొని పేరిణి నృత్యాన్ని మళ్ళీ నిలబెట్టారని అక్కడే చెప్పండి. ఒక భంగిమలో ఎంతసేపు నిలబడగలరో పిల్లలనే ప్రయత్నించమనండి.

నా మనసుకు అన్నింటికంటే దగ్గరైనవి మాత్రం చిందు యక్షగానం, ఒగ్గుకథ. శాస్త్రీయ నాటకమంటే సంస్కృత నాటకమో, పద్యనాటకమో మాత్రమేనన్న అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. దానితో నేను ఏకీభవించను. జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. నిజామాబాదు ప్రాంతపు చిందు ఎల్లమ్మ గారు పురుష పాత్రలు ధరించి మెప్పించిన మహానటి. జనగామ ప్రాంతంవారే అయిన చుక్క సత్తయ్య గారు ఒగ్గుకథను దేశమంతా వినిపించి సంగీత నాటక అకాడమీ పురస్కారం పొందారు. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు మనం కుటుంబాలతో పోతూనే ఉంటాం. బోనం చెల్లించి, దర్శనం చేసుకొని, తిరిగి బస్సెక్కుతాం. రంగుల ముగ్గుతో పట్నం వేసినచోట డోలు దెబ్బల మధ్య ఒగ్గు పూజారులు చెప్పే మల్లన్న కథ దగ్గర పిల్లలతో ఒక అరగంట కూర్చుంటే, నటన ఎంత తక్కువ సరంజామాతో జరుగుతుందో వాళ్ళు కళ్ళారా చూస్తారు. భుజం మీది వస్త్రాన్ని తల మీదికి లాక్కుంటే ఒక స్త్రీ పాత్ర, నడుముకు చుట్టుకుంటే ఒక వీరుడు. పక్కవాడు "ఆఁ" అని ఊకొడుతూ ఒక క్షణం శ్రోతగా ఉంటాడు, మరుక్షణం కథలో మనిషైపోతాడు. తెర లేదు, అలంకరించిన వేదిక లేదు, పద్యం అర్థం కాలేదన్న బాధ లేదు, ఎందుకంటే అది ఇంట్లో అమ్మమ్మ మాట్లాడే మాటే. పద్యనాటకం మొదటే మొహం మొత్తిన పిల్లలను ముందు ఒగ్గుకథకు తీసుకెళ్ళండి. అక్కడి నుంచి చిందుకు, చిందు నుంచి పద్యానికి రావడం తేలిక.

ఇక్కడ కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. యాత్రలో నాటకానికి కేటాయించిన రోజున మరేమీ పెట్టుకోవద్దు. పొద్దున్నుంచి గుళ్ళు, కోటలు తిప్పి, ఎండలో నడిపించి, రాత్రి ఎనిమిదింటికి నాటకానికి కూర్చోబెడితే పెద్దవాళ్ళే నిద్రపోతారు. ఆ మధ్యాహ్నం పడుకోనివ్వండి, కడుపునిండా తిననివ్వండి. పిల్లలకు ఒక స్నేహితుణ్ణి తోడు తెచ్చుకునే వీలు ఇవ్వండి, ఆ వయసులో తల్లిదండ్రుల పక్కన కూర్చోవడమే ఒక ఇబ్బంది. వాళ్ళిద్దరూ వేరే వరుసలో కూర్చుంటామంటే సరేననండి. విరామం దాకా ఉంటే చాలని, తర్వాత నచ్చకపోతే ఎవరో ఒకరం బయటికి వచ్చి నీతో కూర్చుంటామని ముందే మాటివ్వండి, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. బయటికి వెళ్ళే దారి ఉందని తెలిసినవాడు స్థిమితంగా కూర్చుంటాడు. అన్నింటికంటే ముఖ్యంగా, మీకే ఇష్టం లేని నాటకానికి పిల్లల మేలు కోసమని వెళ్ళవద్దు. మీరు ఆవలిస్తూ వాళ్ళను ఆనందించమంటే ఎలా కుదురుతుంది?

ముగిసిన తర్వాత బయటికి రాగానే "ఎట్లుంది? నచ్చిందా?" అని అడగకండి. ఆ ప్రశ్నకు మంచి పిల్లలు "బాగుంది" అంటారు, మొండి పిల్లలు "బోర్" అంటారు, ఏదన్నా సంభాషణ అక్కడితో అయిపోతుంది. ఎవరు బాగా చేయలేదో అడగండి. ఎక్కడ కత్తిరిస్తే బాగుండేదో అడగండి. దుర్యోధనుడి పక్షాన వాదించమని, కృష్ణుడు చేసింది తప్పని నిరూపించమని అడగండి. వాళ్ళు మీకు ఇష్టమైన నటుణ్ణి తప్పుపట్టినా కోపం తెచ్చుకోవద్దు, మీ అభిప్రాయం మీరు కూడా గట్టిగానే చెప్పండి. పిల్లలతో సమానంగా వాదించడం వాళ్ళకు మనం ఇవ్వగల గౌరవం.

కళాకారుల విషయం కూడా పిల్లల ఎదుట దాచవద్దు. రాత్రంతా ఆడిన బృందానికి ఎంత ముడుతుంది, వచ్చిపోయే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, నాటకం లేని రోజుల్లో వాళ్ళు ఏ పని చేసుకుంటారు అన్నవి పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. ప్రవేశం ఉచితమైనచోట పళ్ళెంలో వేసే డబ్బు పిల్లల చేతితో వేయించండి. టిక్కెట్టు ఉన్నచోట పాసుల కోసం ప్రయత్నించకుండా కొనుక్కొని వెళ్ళండి.

వరంగల్లు, హనుమకొండ వాళ్ళకు ఇప్పుడు ప్రదర్శనల కోసం దూరం వెతుక్కోవలసిన పని కూడా తగ్గింది. నేరెళ్ళ వేణుమాధవ్ కళాప్రాంగణం ఉంది, 2024లో కాళోజీ కళాక్షేత్రం తెరుచుకుంది. ఊళ్ళకు వెళ్ళినప్పుడు చిందు బృందం ఏ రాత్రి ఏ వాడలో ఆడుతున్నదో మీ బంధువులను అడిగితే చెబుతారు. ఒకసారి చూసి ఇక రానన్న పిల్లవాణ్ణి బలవంతపెట్టకండి. ఆరు నెలలు ఆగి, వేరొక రూపాన్ని, వేరొక ప్రశ్నతో, వాడు ఎంచుకున్న స్నేహితుడితో కలిపి చూపించండి. ఏ నాటకం చూడాలో ఈసారి వాణ్ణే నిర్ణయించమనండి, కరపత్రాలు తెచ్చి ముందు పెట్టండి.

మీలో ఎవరికైనా మీ పిల్లల వయసుకు, మీ ప్రయాణానికి ఏది సరిపోతుందో అడగాలని ఉంటే, సభ తర్వాత నేను ఇక్కడే ఉంటాను. నమస్కారం.